వేసే ముందు తీసే దారి

చెరువు కట్ట మీద కొత్తగా రాడ్ పట్టినవాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. నీళ్లు తేటగా, ఏ అడ్డూ లేకుండా ఉన్న చోటు వెతుక్కుని అక్కడే లూర్, అంటే బొమ్మ ఎర, విసురుతుంటారు. గుర్రపు డెక్క, కలువాకులు, తూటికాడ తీగలు, నీళ్ల కింద జడలు కట్టిన నాచు కనబడితే పది గజాలు పక్కకు జరుగుతారు. నాచులో వేస్తే బొమ్మ చిక్కుకుంటుంది, దారం తెగుతుంది, డబ్బులు పోతాయి. ఆ భయంలో తప్పు లేదు. కాకపోతే వాళ్లు వచ్చింది కొర్రమీను కోసం. పగటిపూట కొర్రమీను ఆ తేట నీళ్లలో ఉండే అవకాశం చాలా తక్కువ.

ఈ అధ్యాయమంతా నాచులో, తీగల్లో, ఆకుల మధ్య బొమ్మ ఎరతో కొర్రమీను పట్టడం గురించే. ఇందులో ఒక్క అలవాటు మీకు పట్టుబడితే చాలు: ఎక్కడ వేయాలో చూసుకునే ముందు, చేప పడితే ఏ దారిన బయటికి లాగుతారో చూసుకోవడం. నాచులో చేపను కరిపించడం అంత కష్టం కాదు. కరిచాక బయటికి తేవడం దగ్గరే సగం మంది ఓడిపోతారు.

ముందు చేప సంగతి. కొర్రమీనును తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఇచ్చే చేప ప్రసాదంలో మింగించేది దీని పిల్లనే. బజారులో తొట్టి నీళ్లలో బతికున్న చేపగా అమ్మేదీ ఎక్కువగా దీన్నే. అలా బతికి ఉండగలగడానికి కారణం దాని తలలో ఉంది. మొప్పల పైన గాలిని పట్టుకునే ప్రత్యేకమైన అరలు ఉంటాయి. నీళ్లలో ప్రాణవాయువు లేకపోయినా పైకొచ్చి ఒక గుటక గాలి మింగి వెళ్లిపోతుంది. నిజానికి దాన్ని పైకి రానివ్వకుండా నీళ్లలోనే ఆపితే చచ్చిపోతుంది.

ఈ ఒక్క లక్షణం మన పనికి రెండు రకాలుగా కలిసొస్తుంది. నాచు దట్టంగా ఉన్న చోట రాత్రంతా మొక్కలు కూడా ప్రాణవాయువును వాడేసుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున ఆ నీళ్లలో అది బాగా తగ్గిపోతుంది. చిన్న చేపలు నీరసించి పైపైకి వస్తాయి. కొర్రమీనుకు ఆ ఇబ్బంది లేదు. తనకు ఊపిరాడుతుంది, ఎదుటి చేపకు ఆడదు. అంతకన్నా మంచి వేట వేళ దానికి దొరకదు. అందుకే పొద్దు పొడవకముందే కట్ట మీదికి చేరుకోమంటారు అనుభవజ్ఞులు. రెండో లాభం: అది ఎక్కడుందో అదే చెబుతుంది. నిలకడగా ఉన్న నీటిలో 'గుబుక్'మని ఒక చప్పుడు, ఆకుల మధ్య మెల్లగా విచ్చుకునే ఒక వలయం, గాలి లేకుండానే కదిలిన ఒక కాడ. వెళ్లగానే రాడ్ విప్పకండి. కాసేపు కూర్చుని చూడండి. చేతిలో రాడ్ ఉంటే విసరాలనే యావ తప్ప చూసే ఓపిక ఉండదు. కాబట్టి దాన్ని సంచిలోనే ఉంచండి.

ఇప్పుడు నాచును చదవడం. 'నాచు' అని అన్నిటినీ ఒకే మాటతో కొట్టిపారేస్తాం గానీ, గాలం వేసేవాడికి ఒక్కో మొక్కా ఒక్కో లెక్క.

కలువాకుల్లో కప్ప బొమ్మ హాయిగా జారుతుంది. కానీ కలువాకుకు కాడ దగ్గర దాకా ఒక చీలిక ఉంటుంది. మీ దారం సరిగ్గా ఆ చీలికలోకి దిగి కూర్చుంటుంది. చేప ఒకవైపు, మీరు ఒకవైపు, మధ్యలో ఆకు. లాగినకొద్దీ కాడ బిగుస్తుంది. తామరాకుకు ఆ చీలిక లేదు, గుండ్రంగా నిండుగా ఉంటుంది. అయితే దాని కాడలు నీళ్ల పైకి నిలబడతాయి, గరుకుగా ముళ్లతో ఉంటాయి, గట్టివి. చేప ఒక కాడ చుట్టూ ఒక్క చుట్టు తిరిగిందంటే పని అయిపోయినట్టే. తామర కొలనులో మధ్యకు విసరమని నేను ఎవరికీ చెప్పను. అంచున మాత్రమే వేయండి.

గుర్రపు డెక్క వేరే రకం. పైన చూస్తే గడ్డి మైదానంలా ఉంటుంది గానీ, దట్టంగా పరుచుకున్న చోట కింద వెలుతురు పడక ఏ మొక్కా పెరగదు. పందిరి కింద నేలలా అడుగంతా ఖాళీ నీడ. కొర్రమీను ఆ నీడలోనే ఉంటుంది. పైనుంచి మీ బొమ్మ దానికి కనబడదు, వినబడదు. కాబట్టి డెక్క ఏపుగా మోకాలెత్తు పెరిగిన చోట మధ్యలో పని లేదు. దాని అంచు, దాని మధ్య గాలికి తెరుచుకున్న గండి, డెక్క వచ్చి కట్ట రాళ్లకు ఆనుకున్న మూల, ఈ మూడే చూసుకోండి. గాలి దిశ మారితే డెక్క కదులుతుంది. నిన్న గండి ఉన్న చోట ఇవాళ ఉండదు.

తూటికాడ తీగలు గట్టున మొదలై నీళ్ల మీదికి పాకుతాయి. బొమ్మ వాటి మీద ఎక్కడం దిగడం బాగానే చేస్తుంది. చేప మాత్రం తీగల కిందికి దూరితే అల్లుకుపోతుంది. జమ్ములో నిలువు కాడలు వరసలుగా ఉంటాయి. అడ్డంగా వేస్తే ప్రతి కాడా పట్టుకుంటుంది, వరసల వెంట పొడవునా వేస్తే దారి దొరుకుతుంది. నీళ్ల కింద పెరిగే మెత్తని నాచు అన్నిటికన్నా మంచిది. కాడ పుటుక్కున తెగుతుంది. కిలో చేపతో పాటు రెండు కిలోల నాచు వస్తుంది, అంతే. ఇక దారాలు దారాలుగా సాగే పచ్చ పాచి మటుకు ఏ బొమ్మకైనా గడ్డం మొలిపిస్తుంది. అలాంటి చోట ఓపిక పరీక్షించుకోవద్దు, చోటు మార్చండి.

ఎరకు వద్దాం. మన ఊళ్లలో కొర్రమీనుకు బతికున్న కప్పను గాలానికి గుచ్చి వేయడం పాత పద్ధతి. కప్పలు పొలంలో పురుగుల్ని తినే జీవాలు. వాటిని పట్టి కాళ్లు ఎగుమతి చేయడం వల్ల జరుగుతున్న నష్టం చూసి మన దేశం 1987లో ఆ వ్యాపారాన్నే నిషేధించింది. రబ్బరు కప్ప ఇప్పుడు ఆ పని అంతకన్నా బాగా చేస్తోంది. ఒక్కదాన్ని సీజనంతా వాడుకోవచ్చు.

ఈ కప్ప లోపల బోలుగా ఉంటుంది. వెనక నుంచి వచ్చే జంట కొక్కేల మొనలు పైకి చూస్తూ వీపుకు ఆనుకుని ఉంటాయి. నాచు వాటిని తాకదు. చేప నోట్లో నొక్కుకున్నప్పుడే ఒళ్లు అణిగి మొనలు బయటపడతాయి. కొనేటప్పుడు రంగు కాదు, ఇది చూడండి: కప్పను బొటనవేలితో, చూపుడు వేలితో మెల్లగా నొక్కండి. కొద్ది బలానికే అణిగి రెండు మొనలూ బయటికి రావాలి. వదలగానే మళ్లీ ఉబ్బాలి. బొటనవేలికి బలం పెట్టాల్సి వచ్చిందంటే అది గట్టి రబ్బరు, కరిచిన చేప కూడా జారిపోతుంది. ఇంట్లో ప్లయర్‌తో మొనలను వెంట్రుక వాసి పైకి వంచుకోవచ్చు. అంతకు మించి వంచితే నాచు పడుతుంది. తర్వాత కొక్కెం మొనను బొటనవేలి గోరు మీద ఆనించి పక్కకు లాగండి. జారిపోతే మొద్దుబారింది, ఆకురాయి పట్టాలి. గోరుకు పట్టుకుంటే పదునుంది. ఈ పరీక్ష బయల్దేరే ముందు రోజే చేసుకోండి.

కప్ప వెనక వేలాడే రబ్బరు కాళ్లు పొడుగ్గా వస్తాయి. చేప, తోకలాంటి ఆ కాళ్లను కొరికి, కొక్కెం దాకా రాకుండానే వదిలేస్తుంటే కత్తెరతో ఒక అంగుళం కోసేయండి. రెండు కాళ్లలో ఒకటి కొంచెం పొడుగ్గా ఉంచితే బొమ్మ అటూ ఇటూ తల తిప్పుతూ నడుస్తుంది. బరువు 10 నుంచి 15 గ్రాముల మధ్య ఉంటే దూరం పోతుంది, ఆకుల మీద బరువుగా కూర్చుని కింద ఉన్నదానికి కదలిక తెలుస్తుంది. రంగు గురించి కట్ట మీద జరిగే వాదనలకు అంతు లేదు. కింద నుంచి చూసే చేపకు ఆకాశం ముందు ఒక నల్లటి ఆకారమే కనబడుతుంది. మసక వెలుతురులో నలుపు, ఎండలో లేత రంగు, ఈ రెండూ చాలు.

దారం అల్లిక దారమే కావాలి, అందరూ బ్రెయిడ్ అంటారు. నైలాన్ సాగుతుంది, నాచులో సాగే దారం పనికిరాదు. 40 నుంచి 50 పౌండ్ల బ్రెయిడ్ ఆకు కాడల్ని కోసుకుంటూ వస్తుంది. చివర వేరే దారం ముడి వేయకుండా నేరుగా కప్పకే కట్టేయండి. రాడ్ ఆరున్నర నుంచి ఏడు అడుగులు, వెన్ను గట్టిది. రీల్ డ్రాగ్‌ను, అంటే దారాన్ని జారనిచ్చే బ్రేకును, బిగించేయాలి. తేట నీళ్లలో చేపను పరిగెత్తనిచ్చి అలసిపోయేలా చేయడం ముచ్చటే గానీ, నాచులో పరిగెత్తిన చేప మీది కాదు.

ఈ పనిముట్లు చాలావరకు అమెరికాలో బాస్ చేపలు పట్టేవాళ్లు తయారు చేసుకున్నవి. మన చెరువుల అడుగున పెరిగే నాచులో ఒక రకం, హైడ్రిల్లా, 1950ల్లో అక్వేరియం వ్యాపారం వెంట ఆసియా నుంచి ఫ్లోరిడా చేరింది. అక్కడి చెరువులనూ కాలువలనూ నింపేసింది. దక్షిణ అమెరికాలో పుట్టిన గుర్రపు డెక్క మన చెరువుల్ని నింపినట్టే. వాళ్లకు మన నాచు, మనకు అటువైపు డెక్క! ఆ నాచులోకి చొరబడడానికే వాళ్లు బాగా వాడుకునే ఇంకో పద్ధతి టెక్సస్ రిగ్. దారానికి తూటా ఆకారపు సీసం లేదా టంగ్‌స్టన్ బరువు ఎక్కించి, కొక్కేనికి మెత్తని ప్లాస్టిక్ పురుగు గుచ్చి, మొనను తిరిగి పురుగు ఒంట్లోకే దాచేస్తారు. మొన కనబడదు కాబట్టి నాచుకు తగలదు. ఎండెక్కి చేప పైకి రాని వేళ, నాచు గండిలోకి దీన్ని నిలువుగా దింపి, అడుగుకు తగిలాక రెండుసార్లు ఎత్తి దించి, ఏమీ లేకపోతే వెంటనే తీసి ఇంకో గండికి పోవాలి. బరువును దారం మీద కదలకుండా చిన్న రబ్బరు ముక్కతో బిగించండి. లేకపోతే బరువు కిందికి పోతుంది, పురుగు పైన నాచులో ఉండిపోతుంది.

అమెరికాలో ఉండి ఈ పుస్తకం చదువుతున్నవాళ్లకు ఒక మాట. మన కొర్రమీనుకు చుట్టమైన నార్తర్న్ స్నేక్‌హెడ్ 2002లో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ చెరువులో బయటపడి పెద్ద వార్తయింది. ఇప్పుడు పోటోమాక్ నదిలోని నాచులో దాన్ని పట్టేదీ ఈ కప్ప బొమ్మలతోనే. లైసెన్సు తీసుకోండి. బతికున్న స్నేక్‌హెడ్‌ను అక్కడ తరలించడమే నేరం. తొట్టి నీళ్లలో తెచ్చుకునే మన అలవాటు అక్కడ పనికిరాదు.

సరే, గండి చూశారు. ఇప్పుడు విసరకండి. చేప అక్కడ పడిందనుకుని, అక్కడి నుంచి మీ కాళ్ల దాకా ఒక గీత గీసుకుని చూడండి. మధ్యలో తామర కాడలున్నాయా? మునిగిన తుమ్మ కొమ్మ ఉందా? ఉంటే కట్ట మీద అటో ఇటో నడవండి. అదే గండికి మెత్తని నాచు మీదుగానో, ఖాళీ నీళ్ల మీదుగానో దారి దొరికే చోట నిలబడండి. అలాంటి చోటు దొరకకపోతే ఆ గండి వదిలేయండి, ఎంత ఊరించినా సరే. తీసే దారి లేని చోట వేసినవాడు చేపను నోట్లో కొక్కెంతో నాచులో వదిలి వస్తాడు. అది చేపకూ మంచిది కాదు, మీ జేబుకూ మంచిది కాదు.

దారి ఉందా? అప్పుడు గండికి అవతల ఒక గజం దూరంలో ఆకుల మీద పడేలా విసరండి. నేరుగా గండిలో పడితే ఆ దెబ్బకు చేప బెదురుతుంది. ఆకుల మీద పడిన కప్పను ఒక నిమిషం ముట్టుకోకండి. తర్వాత రాడ్ కొసతో చిన్న చిన్న కుదుపులు. ఆకు అంచున ఆగాలి. అక్కడి నుంచి నీళ్లలోకి జారాలి. జారిన చోట మళ్లీ ఆపాలి. ఎక్కువసార్లు చేప లేచేది ఆ ఆపినప్పుడే.

ఎలా లేస్తుందో ముందే తెలిసి ఉండడం మంచిది. ఒక్కోసారి కప్ప వెనక నీళ్లు గీతలా ఉబ్బుతాయి, ఆకులు రెండువైపులా జరుగుతాయి. ఒక్కోసారి ఏ సూచనా ఉండదు. ఢాం అని నీళ్లు పేలి, మీ బొమ్మ ఉన్న చోట చిన్న గుంట, చుట్టూ చిరిగిన ఆకులు. ఆ క్షణంలో చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. కప్ప గాల్లో ఎగిరి వచ్చి మీ చొక్కాకు తగులుతుంది. చేప ఇంకా నోరు మూయనే లేదు మరి! కాబట్టి పేలుడు కళ్లకు కనబడగానే చేసే పని ఒకటే: రాడ్ కొసను కిందికి దించండి. దించుతూనే రీల్‌తో వదులు దారం చుట్టండి. దారం బిగిసి, కొసకు బరువు తెలిసినప్పుడు, అప్పుడు భుజం దాకా ఊపుతో పైకి లాగండి. ఈ వరస అంతా ఒకటి రెండు సెకన్లు. ఇంటి పెరట్లో ఎవరినైనా బొమ్మ పట్టుకోమని చెప్పి పదిసార్లు చేసి చూసుకోండి. కట్ట మీద ఆలోచించే తీరిక దొరకదు.

దెబ్బ తప్పిపోతే బొమ్మను వెంటనే లాక్కోకండి. అక్కడే ఉంచండి. కొర్రమీను తిరిగి వస్తుంది. రాకపోతే అదే గండిలో పురుగు బొమ్మను దింపి చూడండి.

కొక్కెం పడ్డాక చేప తల పైకి ఉండాలి, నీళ్ల మీదే జారుతూ రావాలి. రాడ్ ఎత్తే ఉంచి ఆగకుండా చుట్టండి. అయినా ఒక్కోసారి నాచులో ముక్కు దూర్చి బిగుసుకుంటుంది. రాడ్‌తో గుంజితే రాడ్ విరుగుతుంది. కొసను నేరుగా చేప వైపు పెట్టి, దారం బిగువు మాత్రం సడలకుండా కాసేపు ఆగండి. చాలాసార్లు అదే తల తిప్పుకుని కదులుతుంది. కదలకపోతే దారాన్ని ఒక కర్ర ముక్కకు నాలుగు చుట్లు చుట్టి దాంతో నిదానంగా లాగండి. బ్రెయిడ్‌ను ఒట్టి చేతికి చుట్టుకుంటే వేళ్లు కోసుకుపోతాయి.

చేప కోసం డెక్కలోకి దిగొద్దు. మట్టి తవ్వకాలు జరిగిన చెరువు శిఖంలో మోకాలి లోతు పక్కనే మనిషి మునిగే గుంత ఉంటుంది, పైన డెక్క పరుచుకుని ఏమీ తెలియనివ్వదు. ఈత వచ్చినా ఆ వేళ్లలో కాళ్లు ఆడవు. గట్టు గడ్డిలో రక్తపింజర ఉండొచ్చు, అడుగు వేసే ముందు కర్రతో తట్టండి. మోకాళ్ల దాకా బూట్లు వేసుకోండి.

చెరువు ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. మన చెరువుల్లో చేపల హక్కు చాలావరకు ఊరి మత్స్య సహకార సంఘానిది. చేప పిల్లలను పోసి పెంచేది వాళ్లే, వాళ్ల బతుకు అదే. వెళ్లి "అన్నా, నాచు పక్కన గాలం ఏసుకుంటం, కొర్రమీను తప్ప వేరేది ముట్టం" అని అడగండి. "పడ్డది చూపించి పో" అనే అన్న ఉంటాడు, కిలో లెక్కన డబ్బు కట్టమనేవాడు ఉంటాడు, కుదరదనేవాడూ ఉంటాడు. ముగ్గురి మాటా వినాల్సిందే. నాచు అంచుల్లో వాళ్లు కట్టిన వలలుంటాయి. తేలే బెండ్లు చూసి దూరంగా వేయండి, మీ కొక్కెం ఒక్కసారి తగిలితే వల చిరుగుతుంది. కొల్లేరు లాంటి అభయారణ్యం పరిధిలో మటుకు అటవీ శాఖ నిబంధనలు తెలుసుకోకుండా రాడ్ తీయవద్దు.

వానలు పడ్డాక ఇంకొకటి కనబడుతుంది. నాచు మధ్య శుభ్రం చేసినట్టున్న చోట ఎర్రగా, నారింజ రంగులో సన్నటి కొర్రమీను పిల్లల గుంపు ఒక ముద్దలా పైకీ కిందికీ కదులుతుంటుంది. కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీదుగా ఏది పోయినా కొడతాయి, ఆకలితో కాదు. అక్కడ కప్ప వేస్తే చేప పడడం ఖాయం, దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. నాకు అది వేటలా అనిపించదు. పెద్దవి పోయిన గుంపును మట్టగిడసలు, జెల్లలు తినేస్తాయి. వచ్చే ఏటికి ఆ చెరువులో పట్టడానికి ఏమీ మిగలదు.

చేపను పట్టుకునేటప్పుడు తడి గుడ్డతో మొప్పల వెనక గట్టిగా అదమండి, జిగురు వల్ల ఒట్టి చేతికి ఆగదు. నోట్లో పళ్లుంటాయి, కొక్కేన్ని పొడుగు ముక్కు ప్లయర్‌తోనే తీయండి. గట్టు మీద వదిలేస్తే పాకి నీళ్లలోకి పోతుంది, కాబట్టి సంచి మూతి కట్టండి. ప్రతి చేప తర్వాతా కప్ప పొట్టలో చేరిన నీళ్లు నొక్కి పిండేయండి, లేకపోతే మునుగుతుంది. కాడలకు రాసుకుని దారం చివర మూర గరుకెక్కుతుంది. వేళ్ల మధ్య జార్చి చూసి, గరుకు తగిలిన మేర కోసేసి కొత్తగా ముడి వేయండి. కోసిన ముక్కను కట్ట మీద పారేస్తే కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది, జేబులో వేసుకోండి. ఇంటికెళ్లాక కప్పలను డబ్బాలో పెట్టి మూసేయకుండా రాత్రంతా గాలికి ఆరనివ్వండి, కొక్కేలు తుప్పు పట్టవు.